నాన్న వణుకు నాకూ వస్తుందా?

ఈసారి ఉత్తరం పల్నాడు పల్లెలో పుట్టి, ఇరవై ఏళ్లుగా హైదరాబాద్‌లో ఉంటున్న ఒకాయన రాశారు. పేరు, ఊరు వద్దన్నారు. పెద్ద ఉత్తరం, అందులోని ముఖ్యమైన సంగతులు ఇవి.

వయసు 45. ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తారు. భార్య, ఇద్దరు ఆడపిల్లలు. పెద్దమ్మాయి డిగ్రీ ఆఖరి సంవత్సరం. నాన్నగారికి 72. నలభై ఏళ్లు పత్తి, మిర్చి వేశారు, పురుగుమందు ఎప్పుడూ తనే కొట్టుకున్నారు. ఎనిమిదేళ్ల క్రితం కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నప్పుడు వణకడం మొదలైంది, తర్వాత అడుగు చిన్నదైంది, మాట సన్నబడింది. న్యూరాలజిస్టు పార్కిన్సన్స్ అని తేల్చారు. ఇప్పుడు చొక్కా గుండీలు కూడా అమ్మే పెడుతుంది. ఏడాది నుంచి ఆ అమ్మకీ రెండు చేతులూ వణుకుతున్నాయి, నడక మందగించింది. "ఇద్దరికీ వచ్చాక నాకు రాకుండా ఎట్లా ఉంటుంది?" అన్న ఆలోచన ఈయన్ని ఆరు నెలలుగా వదలడం లేదు.

ఇంటర్నెట్‌లో చదివి ఒక నోటుబుక్కులో లెక్క రాసుకున్నారు. నాలుగేళ్లుగా షుగర్. పదేళ్లుగా మలబద్ధకం. కాలేజీ రోజుల్లో బైక్ మీద నుంచి పడి పది నిమిషాలు స్పృహ లేదు. చిన్నప్పుడు నాన్న మందు కలుపుతుంటే నీళ్లు మోశారు, పొలంలో బావి నీళ్లే తాగారు. ఈమధ్య టీ గ్లాసు పట్టుకుంటే వేళ్లు వణుకుతున్నాయి. నిద్రలో కలవరింతలు, అరుపులు, కాళ్లు తన్నడం. గురక కూడా ఉంది. కాఫీ తాగేవాళ్లకి ఈ జబ్బు తక్కువని చదివి రోజుకి ఆరు కాఫీలు తాగుతున్నారు. సిగరెట్ తాగేవాళ్లకీ తక్కువేనని స్నేహితుడు చెబితే, జీవితంలో మొదటిసారి ఒక పెట్టె కొన్నారు. వాట్సాప్‌లో ఏదో చూసి పెరుగు మానేశారు. ఇవేవీ భార్యకు చెప్పలేదు. ఊళ్లో తమ్ముడు ఇంకా మందు కొడుతున్నాడు, వద్దంటే "అన్నా, నువ్వు ఏసీలో కూర్చుని చెబుతావు, మందు కొట్టకుండా మిర్చి ఇంటికొస్తుందా?" అంటాడట.

ఆయన ప్రశ్నలు: నాకు వస్తుందా? జన్యు పరీక్ష చేయించుకోవాలా? పెద్దమ్మాయికి సంబంధాలు చూడబోతున్నాం, ఇంట్లో ఈ జబ్బు ఉందని బయటపడితే ఎట్లా? భార్యకు చెప్పాలా, తమ్ముణ్ని ఎట్లా ఒప్పించాలి?

మీ ఉత్తరం మూడుసార్లు చదివానండీ. మీరు పేజీలకు పేజీలు రాసిన మలబద్ధకం, బావి నీళ్లు, బైక్ ప్రమాదం కన్నా, ఒక్క ముక్కలో రాసి దాటేసిన రెండు చోట్ల నేను ఆగిపోయాను. అమ్మ గురించి రాస్తూ "గ్యాస్‌కి పరగడుపున వేసుకునే క్యాప్సూల్ తప్ప వేరే మందులేవీ వాడదు, అదీ రెండేళ్ల నుంచే" అన్నారు. ఇంకోచోట, "ఒకసారి కలలో చెయ్యి విసిరితే మా ఆవిడ కంటి కింద కమిలిపోయింది" అన్నారు. నాకైతే మీ మొత్తం ఉత్తరంలో పని ఉన్నది ఈ రెండిటితోనే, ఇంకా తమ్ముడు మందు కొట్టే పంపుతో.

ముందు అమ్మ సంగతి చూద్దాం, ఎందుకంటే అది ఆగేది కాదు.

మన దగ్గర గ్యాస్‌కి రాసే క్యాప్సూళ్లు చాలావాటిలో యాసిడ్ తగ్గించే మందు ఒక్కటే ఉండదు, దానికి జోడీగా ఇంకోటి ఉంటుంది. ఆ రెండోది కొన్నిటిలో లెవోసల్పిరైడ్. పొట్ట కదలిక పెంచడానికి ఇస్తారు. అది పనిచేసేది డోపమైన్‌ను, అంటే నరాల మధ్య సంకేతాలు మోసే ఒక రసాయనాన్ని అడ్డుకుని, కానీ పొట్టలోనే అడ్డుకుని ఊరుకోదు, మెదడులోనూ అడ్డుకుంటుంది. పార్కిన్సన్స్ అంటేనే మెదడులో డోపమైన్ తయారుచేసే కణాలు పోవడం కాబట్టి, ఆ మందు నెలల తరబడి పడితే కొందరికి అచ్చం ఆ జబ్బు లాగే చేతులు వణుకుతాయి, నడక నెమ్మదిస్తుంది, ముఖంలో కదలిక తగ్గుతుంది. పెద్ద వయసు ఆడవాళ్లలో ఇది ఎక్కువ. వాంతులకి ఇచ్చే మెటోక్లోప్రమైడ్, కళ్లు తిరుగుతున్నాయని ఇచ్చే సిన్నరిజిన్, మైగ్రేన్‌కి ఇచ్చే ఫ్లూనరిజిన్, మానసిక వైద్యంలో వాడే కొన్ని మందులు కూడా ఇదే పని చేస్తాయి. ఒకసారి రాసిచ్చిన చీటీ పట్టుకుని ఏళ్ల తరబడి మందుల షాపులో కొనుక్కుంటూ పోవడం మన ఇళ్లలో ఎంత మామూలో మీకు తెలుసు. రాసిన డాక్టరు రెండు వారాలకే రాసి ఉంటాడు, ఆమె రెండేళ్లు వేసుకుంటుంది.

అమ్మగారికి కచ్చితంగా ఇదేనని నేను ఇక్కడ కూర్చుని అనలేను. కానీ క్యాప్సూల్ మొదలుపెట్టిన ఏడాదికి వణుకు రావడం, నాన్నగారిలాగా ఒక్క చెయ్యి కాకుండా రెండు చేతులూ ఒకేసారి వణకడం చూస్తే, ముందు ఆ స్ట్రిప్ వెనక పేరు చదవాలనిపిస్తుంది. డోమ్‌పెరిడోన్ అని ఉంటే అనుమానం చాలా తక్కువ, అది మెదడులోకి పెద్దగా వెళ్లదు. లెవోసల్పిరైడ్ అని ఉంటే ఈ వారమే డాక్టరుకు చూపించండి, నాన్నగారిని చూసే న్యూరాలజిస్టు అయితే ఇంకా మంచిది. మందు వల్ల వచ్చిన వణుకు అయితే, అది ఆపిన కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో చాలామందికి తగ్గిపోతుంది. తగ్గకపోతే, లోపల మెల్లగా మొదలవుతున్న పార్కిన్సన్స్‌ను ఈ మందు ముందే బయటపెట్టిందేమో చూస్తారు, అనుమానం తేలకపోతే మెదడులో ఆ డోపమైన్ కణాలు ఎట్లా ఉన్నాయో చూపించే ట్రోడాట్ అనే స్కాన్ ఉంది. ఈలోపు ఒక్క పని మాత్రం చేయకండి, నాన్న మాత్రలు అరముక్క అమ్మకి వేసి చూద్దామనుకోవద్దు. ఇట్లా చేసిన ఇళ్లు నేను చూశాను.

ఇది తేలితే మీ భయంలో సగం పునాది కదిలిపోతుంది. "ఇద్దరికీ వచ్చింది" అన్నదాని మీదే కదా మీరు ఈ ఆరు నెలల టెన్షన్ అంతా కట్టుకున్నారు.

ఇక మీ లెక్క. నోటుబుక్కులో ఒక్కో కారణం పక్కన ఇంత శాతం ఎక్కువ, అంత శాతం ఎక్కువ అని రాసి, అన్నీ కలిపి కింద మొత్తం వేసుకున్నారు. అకౌంట్స్ మనిషి కాబట్టి అట్లా వేశారేమో, కానీ ఇది కూడికలతో తేలే లెక్క కాదు. మామూలుగా ఒక మనిషికి జీవితకాలంలో పార్కిన్సన్స్ వచ్చే అవకాశం నూటికి ఒకటి రెండు. అమ్మకో నాన్నకో ఉంటే అది రెండింతలో, కొంచెం ఎక్కువో అవుతుంది. అంటే మీలాంటి నాన్నలున్న వందమందిని వరసగా నిలబెడితే నలుగురైదుగురికి వస్తుంది, తొంభై అయిదు మందికి రాదు. "రెండింతలు" అన్న మాట భయపెడుతుంది, "తొంభై అయిదు మంది" అన్న మాట మనకి వినపడదు.

షుగర్ ఉన్నవాళ్లలో ఈ ముప్పు కొద్దిగా పెరుగుతుందని పెద్ద పెద్ద అధ్యయనాలన్నీ కలిపి చూసినప్పుడు తేలింది, నిజమే. కానీ ఆ కొద్ది ముప్పు కోసం కాదు, మీ గుండె, కిడ్నీలు, కళ్ల కోసం షుగర్ అదుపులో ఉండాలి. మీరు నాలుగు పేజీల్లో మూడు నెలల సగటు షుగర్ ఎంతో ఒక్కచోటా రాయలేదు, ఎప్పుడు చూపించుకున్నారు? మలబద్ధకం ఈ జబ్బుకి పదేళ్ల ముందే కనిపించడం కూడా నిజమే, ఎందుకంటే జబ్బు మెదడులో కదలికల భాగానికి చేరకముందే పేగుల నరాల్లో మొదలవుతుందని కొందరిలో ఆధారాలున్నాయి. కానీ మలబద్ధకం ఉన్న ప్రతి మనిషికీ ఇది వస్తే సగం హైదరాబాద్ వణుకుతూ ఉండాలి. పొద్దున తొమ్మిది నుంచి రాత్రి ఎనిమిది దాకా కుర్చీలో కూర్చుని, నీళ్లకి బదులు కాఫీ తాగి, ఆకుకూర వారానికి ఒకసారి తినే మనిషికి మలబద్ధకం రావడానికి వేరే కారణం వెతకక్కర్లేదు. స్పృహ తప్పిన తలదెబ్బకీ కొంత సంబంధం ఉంది, అది ఇప్పుడు వెనక్కి తీసుకోలేం, ఇకమీదట హెల్మెట్ లేకుండా బండి తీయకండి. పురుగుమందు దిగి ఉండొచ్చన్న బావి నీళ్ల సంగతీ అంతే, అయిపోయింది.

టీ గ్లాసు వణుకు గురించి రెండు మాటలు. పార్కిన్సన్స్ వణుకు చాలావరకు చెయ్యి పనిలేకుండా ఉన్నప్పుడు వస్తుంది, ఒకవైపే మొదలవుతుంది. మీ నాన్నగారి కుడిచెయ్యి ఒళ్లో ఉన్నప్పుడు వణికింది, చూడండి. మీకు గ్లాసు పట్టుకున్నప్పుడు రెండు చేతులూ వణుకుతున్నాయి, అదీ ఆరు కాఫీలు మొదలుపెట్టాక. వణుకు రాకుండా ఉండటానికి తాగుతున్న కాఫీయే వణుకు తెప్పిస్తోందని నా అనుమానం. రోజుకి రెండుకి తగ్గించి మూడు వారాలు చూడండి, థైరాయిడ్ ఒకసారి చూపించండి. అప్పటికీ ఉంటే డాక్టరు చూసి చెబుతారు, వంశంలో వచ్చే మామూలు చేతివణుకు అని వేరే ఒకటి ఉంది, అది దీనికన్నా చాలా ఎక్కువమందికి ఉంటుంది.

కాఫీ తాగేవాళ్లలో ఈ జబ్బు తక్కువగా కనిపించడం నిజం, హవాయిలో వేలమంది మగవాళ్లను ముప్పై ఏళ్లు వెంబడించి చూసి 2000లో ప్రచురించిన అధ్యయనంలో అది స్పష్టంగా కనిపించింది. కానీ తక్కువగా కనిపించడం వేరు, కాఫీ తాగితే ఆగుతుందనడం వేరు. జబ్బు ఉన్నవాళ్లకి కెఫీన్ ఇచ్చి చూస్తే పెద్దగా ఉపయోగం కనపడలేదు. సిగరెట్ కథా ఇదే. తాగేవాళ్లలో తక్కువ కనిపిస్తుంది, దానికి కారణం పొగాకేనా, లేక ఈ జబ్బు రాబోయే మెదడుకి ఏ అలవాటూ గట్టిగా అంటుకోదు కాబట్టి వాళ్లు తేలిగ్గా మానేస్తారా అన్నది ఇంకా వాదనలోనే ఉంది. నికోటిన్ పట్టీలు అంటించి చేసిన ప్రయోగంలో జబ్బు నెమ్మదించలేదు. షుగర్ ఉన్న మనిషి 45 ఏళ్లకి సిగరెట్ మొదలుపెడితే ఏమవుతుందో మాత్రం వాదన లేదు, గుండెపోటు ముప్పు పెరుగుతుంది. ఆ పెట్టె ఈరోజే పారేయండి. మీ ఉత్తరంలో నాకు కోపం వచ్చింది ఆ స్నేహితుడి మీద ఒక్కడి మీదే. పెరుగు మళ్లీ తినండి. పాలు ఎక్కువ తాగే మగవాళ్లలో ఒకింత ఎక్కువ కనిపించిన మాట కొన్ని అధ్యయనాల్లో ఉంది కానీ, మానేస్తే ముప్పు తగ్గుతుందని ఎవరూ చూపించలేదు.

ఇప్పుడు నిద్ర. ఇక్కడ మాత్రం మీకు మెత్తగా చెప్పి పంపించను, ఎందుకంటే ఎలాగూ మీరు వెతికి చదువుతారు, సగం సగం చదివి ఇంకా భయపడతారు.

కలలు వచ్చే నిద్రలో మన ఒళ్లు కదలకుండా మెదడే కట్టేసి ఉంచుతుంది. కలలో పరిగెత్తినా కాలు కదలదు. కొందరిలో ఆ కట్టు వదులవుతుంది, అప్పుడు కలలో కుక్క తరుముతుంటే మంచం మీద నిజంగా తన్నుతారు, ఎవరో కొడుతుంటే నిజంగా చెయ్యి విసురుతారు. దీన్ని ఆర్‌ఈఎం స్లీప్ బిహేవియర్ డిజార్డర్ అంటారు. నిద్ర పరీక్షలో ఇది ఉందని నిర్ధారణ అయిన దాదాపు 1,280 మందిని చాలా దేశాల్లో వెంబడించి 2019లో ప్రచురించారు, పన్నెండేళ్లలో నూటికి డెబ్భై మందికి పైగా పార్కిన్సన్స్‌గానీ దాని దాయాది జబ్బుల్లో ఒకటిగానీ వచ్చింది. మీరు నోటుబుక్కులో రాసుకున్న వాటన్నిటిలో ఇంత బలమైన సంబంధం ఉన్నది ఇంకొకటి లేదు, కానీ మీరు దీన్ని ఆఖర్న, గురకతో కలిపి రాశారు.

అయితే ఆ అధ్యయనంలో ఉన్నది ఎక్కువగా అరవై దాటినవాళ్లు, ఒక రాత్రంతా పరీక్షలో పడుకుని నిర్ధారణ అయినవాళ్లు. మీకు అది ఉందని ఎవరూ చెప్పలేదు. మీకు గురక ఉంది, బహుశా బరువు కూడా ఉండి ఉంటుంది. గురకలో ఊపిరి ఆగి ఆగి వచ్చే స్లీప్ అప్నియాలో కూడా మనిషి ఉలిక్కిపడి చేతులు విసురుతాడు, అరుస్తాడు, అచ్చం ఇట్లాగే ఉంటుంది, దానికి వైద్యం చేస్తే ఈ తన్నడం కూడా పోతుంది. డిప్రెషన్‌కి, ఆందోళనకి వాడే కొన్ని మాత్రలు కూడా ఇట్లా చేయిస్తాయి. ఈ ఆరు నెలల్లో నిద్ర పట్టడం లేదని ఎవరైనా మీకు ఏమైనా మాత్ర రాశారా? ఉత్తరంలో లేదు, ఉంటే డాక్టరుకి చెప్పడం మర్చిపోకండి.

మీ ముందు రెండు దారులున్నాయి. నిద్ర పరీక్ష చేయించుకోవచ్చు, ఒళ్లంతా వైర్లు పెట్టి, వీలైతే వీడియో తీస్తూ ఒక రాత్రి పడుకోబెడతారు. అప్నియా అని తేలితే ఊపిరి పీల్చుకుంటారు, దానికి వైద్యం చేయించుకుంటే బీపీకి కూడా మేలు. తక్కువ అవకాశమే అయినా ఆ కలల నిద్ర జబ్బే అని తేలితే, ఆ విషయం తెలిసి బతకాలి, దాన్ని ఆపే మందు ఈరోజుకి లేదు. నిద్రలో దెబ్బలు తగలకుండా చేసే మందులు ఉన్నాయి, ఏడాదికోసారి న్యూరాలజిస్టు చూస్తారు. కొంతమంది ఇది తెలుసుకోకపోవడమే మేలనుకుంటారు, అది వాళ్ల హక్కు. మీరు కూడా ఆ దారి పట్టొచ్చు, కానీ అప్పుడు మీ పక్కన పడుకున్న మనిషికి ఇంకోసారి దెబ్బ తగిలే అవకాశం అట్లాగే ఉంటుంది, అప్నియా ఉంటే అదీ వైద్యం లేకుండా పోతుంది. నన్నడిగితే మీ గురక కోసమైనా చేయించుకోండంటాను. ఈలోపు పరుపు నేల మీద వేసుకోండి, మంచం పక్కన గాజు సామాను, మూలలున్న బల్లలు తీసేయండి. షాపులో నిద్రమాత్ర అడిగి వేసుకోకండి, అప్నియా ఉంటే కొన్ని నిద్రమాత్రలు దాన్ని ఇంకా చెడగొడతాయి.

దీంతో భార్యకు చెప్పాలా అన్న ప్రశ్న చాలావరకు తేలిపోయిందనుకుంటాను. మీ నిద్ర మీరు చూడలేరు, ఆవిడ చూస్తుంది. ఊపిరి ఆగుతోందా, ఎన్ని గంటలప్పుడు తన్నుతున్నారు, లేపితే కల గుర్తుందా అన్నవి డాక్టరు ఆవిడనే అడుగుతారు. మీరు నోటుబుక్కు మొత్తం ఆవిడ ముందు పెట్టాల్సిన పని లేదు, "నిద్ర సంగతి డాక్టరుకి చూపించుకుంటాను, నువ్వూ రా" అంటే చాలు, మిగతాది మెల్లగా చెప్పొచ్చు. లేదా ఒకేసారి అంతా చెప్పేయొచ్చు, ఆవిడ రెండు రోజులు కంగారు పడుతుంది, తర్వాత మీ బరువు సగం మోస్తుంది. చెప్పకుండా ఉండటం కూడా ఒక దారే, కానీ కంటి కింద దెబ్బ తిన్న మనిషి, అర్ధరాత్రి ఫోన్‌లో వెతుకుతున్న భర్తని ఆరు నెలలుగా చూస్తున్న మనిషి, ఏమీ తెలియకుండా ఉందని మీరు నిజంగా అనుకుంటున్నారా? ఆవిడ ఇంకా ఘోరమైనదేదో ఊహించుకుంటూ ఉండొచ్చు.

జన్యు పరీక్ష గురించి. ఎల్‌ఆర్‌ఆర్‌కే2, జీబీఏ లాంటి జన్యువుల్లో మార్పులు కొందరిలో ఈ జబ్బుకి కారణం, నిజమే. కానీ పార్కిన్సన్స్ ఉన్నవాళ్లలో ఎక్కువమందికి అట్లాంటి ఒక్క జన్యువు దొరకదు. మీ నాన్నగారికి అరవై దాటాక వచ్చింది, మీ వంశంలో ఇంకెవరికీ లేదని మీరే రాశారు. యాభై లోపు వచ్చినా, అన్నదమ్ముల్లో మేనమామల్లో ఇంకా ఉన్నా వేరే మాట. మీరు ప్యాకేజీ కొని పరీక్ష చేయించుకుంటే ఏమవుతుందో చూడండి. ఏమీ లేదని వస్తే మీ ముప్పు పోయినట్టు కాదు, మళ్లీ మొదటికే వస్తారు. ఏదో మార్పు ఉందని వస్తే, ఆ మార్పు ఉన్నవాళ్లలో కూడా జీవితాంతం జబ్బు రానివాళ్లు చాలామంది ఉంటారు, కానీ మీ స్వభావం చూస్తే ఆ కాగితం మీ జేబులో ఉన్నంతకాలం మీకు నిద్ర ఉండదు, పైగా ఆ ప్రశ్న మీ అమ్మాయిల మీదకీ వెళ్తుంది, వాళ్లు అడగకుండానే. చేయించి తీరాలనిపిస్తే నేరుగా ల్యాబ్‌కి వెళ్లకుండా, ముందు జెనెటిక్ కౌన్సెలింగ్, అంటే ఆ పరీక్ష ఫలితానికి అర్థమేంటో కూర్చోబెట్టి వివరించే ఏర్పాటు ఉన్న చోటికి వెళ్లి, పరీక్ష కూడా వీలైతే జబ్బు ఉన్న నాన్నగారికే ముందు చేయించాలి. అక్కడ ఏమీ దొరక్కపోతే మీకు చేయడంలో అర్థమే లేదు.

సంబంధాల విషయం. తాతకి 64 ఏళ్లకి వచ్చిన జబ్బు మనవరాలిదాకా వచ్చేసరికి ముప్పు మామూలు జనంతో దాదాపు సమానం. దాచాల్సినంతది కాదు. మీ నాన్నగారు ఊళ్లో అరుగు మీద కూర్చుంటే అందరూ చూస్తూనే ఉన్నారు, ఆ సంగతి వేరేగా బయటపడేదీ లేదు. అడిగితే ఉన్నదున్నట్టు చెప్పొచ్చు. దాచి చేస్తే తర్వాత ఎవరో అన్న మాట ఆ పిల్ల అత్తగారింట్లో పడాలి. నాకు ఇంకోటి కూడా అనిపించింది. పెద్దమ్మాయికి ఇరవై ఏళ్లుంటాయి, తాత జబ్బేంటో, అది ఎట్లా వస్తుందో ముందు ఆమెకు తెలియాలి కదా, రాబోయే వియ్యంకులకన్నా.

తమ్ముడి గురించి మీరు రాసిన పేరా చదువుతుంటే నాకు ఇద్దరి మీదా జాలేసింది. వాడి మాటలో నిజం ఉంది. తామరపురుగు పడితే మిర్చి తోట ఎట్లా ముడుచుకుపోతుందో నేనూ చూశాను, అప్పు చేసి పెట్టిన పెట్టుబడి కళ్లముందే పోతుంటే మనిషి డబ్బా తీయకుండా ఉండలేడు. "మానెయ్" అన్న మాటతో వాడు మీకు ఫోన్ చేయడమే మానేస్తాడు. కాబట్టి అన్ని మందులూ ఒకే గాటన కట్టకుండా, ఏది ఎక్కువ ప్రమాదమో అక్కడ మొదలుపెట్టండి.

వాడు గట్ల మీద కొట్టే గడ్డిమందు డబ్బా మీద పారాక్వాట్ అని ఉందేమో చూడమనండి. 1982లో కాలిఫోర్నియాలో కల్తీ మత్తుమందు ఎక్కించుకున్న కొందరు కుర్రవాళ్లు ఉన్నట్టుండి ముసలి పార్కిన్సన్స్ రోగుల్లాగా బిగుసుకుపోయారు. అందులో ఉన్న ఎంపీటీపీ అనే పదార్థం శరీరంలో మారి తయారయ్యే విషానికీ, ఈ పారాక్వాట్‌కీ రసాయన నిర్మాణంలో బాగా దగ్గర పోలిక. అప్పటి నుంచే దీని మీద అనుమానం. అమెరికాలో పొలాల్లో మందు కొట్టేవాళ్లను పరిశీలించి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, పారాక్వాట్ గానీ రోటెనోన్ అనే పురుగుమందు గానీ వాడినవాళ్లలో పార్కిన్సన్స్ దాదాపు రెండున్నర రెట్లు కనిపించింది. యూరప్‌లో 2007 నుంచి పారాక్వాట్‌ను అమ్మనివ్వడం లేదు. కంపెనీలు సంబంధం రుజువు కాలేదంటాయి, ఆ వాదన కోర్టుల్లో నడుస్తోంది. కానీ ఒక గుక్క మింగితే విరుగుడు లేని మందు అది, ఆ ఒక్క కారణం చాలు చిన్నపిల్లలున్న ఇంట్లో పెట్టకుండా ఉండటానికి. గడ్డికి వేరే దారులున్నాయి, గుంటక తోలుకోవచ్చు, కూలీలతో తీయించుకోవచ్చు, ఖర్చు ఎక్కువవుతుంది. ఆ తేడా డబ్బు మీరు ఇవ్వగలరేమో ఆలోచించండి. ఏసీలో కూర్చుని చెబుతున్నావన్న మాటకి అంతకన్నా మంచి జవాబు నాకు తోచలేదు.

రెండోది చేతులు. అదే అమెరికా రైతుల్లో గ్లౌజులు వేసుకున్నవాళ్లని, వేసుకోనివాళ్లని విడదీసి చూస్తే, పారాక్వాట్‌తో కనిపించిన ముప్పు వేసుకోనివాళ్లలోనే ఎక్కువగా బయటపడింది. మనవాళ్లు మందు డబ్బాలో పోసి చేత్తో కలుపుతారు, నాజిల్‌లో చెత్త అడ్డుపడితే నోటితో ఊదుతారు, తైవాన్ పంపు వీపున కారుతుంటే ఆ తడి చొక్కాతోనే సాయంత్రం దాకా ఉంటారు, ఆ చేతుల్తోనే గట్టున కూర్చుని చద్దన్నం తింటారు. ముఖానికి గుడ్డ కట్టుకుంటే చాలనుకుంటారు, కానీ పొలంలో మందు ఎక్కువగా లోపలికి పోయేది చర్మం గుండా. మందంగా ఉండే నైట్రైల్ గ్లౌజులు, పొడవు చేతుల చొక్కా, కలపడానికి ఒక కర్ర, నాజిల్‌కి పాత టూత్‌బ్రష్, తినేముందు సబ్బుతో చేతులు, ఆ బట్టలు పిల్లల బట్టలతో కలపకుండా ఉతకడం. వీటికి అయ్యే ఖర్చు ఒక్క మందు డబ్బా ధర కూడా కాదు, వచ్చే వారం ఊరెళ్లేటప్పుడు మీరే కొని తీసుకెళ్లండి, మరదలి చేతికివ్వండి, బట్టలు ఉతికేది ఆమే కాబట్టి ఆమెకీ ఇది అవసరమే.

మూడోది మందు కొట్టే సార్లు తగ్గించడం. జిగురు అట్టలు, లింగాకర్షక బుట్టలు పెట్టి పురుగు ఎంత ఉందో చూసి కొట్టడం, పక్క పొలంవాడు కొట్టాడని కొట్టకపోవడం. ఊళ్లో వ్యవసాయ సహాయకుణ్ని అడిగితే చెబుతారు. ఇప్పుడు చాలా ఊళ్లలో డ్రోన్‌తో కొట్టిస్తున్నారు, కుదిరితే అది వాడి వీపు మీద నుంచి పంపు దించుతుంది. కూలీ మనిషితో కొట్టించేస్తే సరిపోతుందని మాత్రం అనకండి, ఆ మనిషికీ ఇంట్లో పిల్లలుంటారు, గ్లౌజులు కొంటే రెండు జతలు కొనండి.

నాన్నగారి గురించి చిన్నమాట. మరదలు ఆన్‌లైన్‌లో దూలగొండి పొడి తెప్పించి మాత్రలతో పాటు ఇస్తోందని రాశారు. దూలగొండి గింజల్లో నిజంగానే లెవోడోపా ఉంటుంది, అంటే ఆయన మాత్రలో ఉన్న మందే. అందుకే జాగ్రత్త, స్పూనుకి ఎంత పడుతోందో తెలియకుండా డోసు పెరిగిపోతోంది. ఆయనకి ఒళ్లు మెలికలు తిరిగినట్టు అనవసరపు కదలికలు ఉన్నాయేమో గమనించి, పొడి సంగతి డాక్టరుకి చెప్పండి, మాత్రలు మాత్రం ఒక్కసారిగా ఆపొద్దు. మాత్ర భోజనానికి అరగంట, గంట ముందు వేసుకుంటే బాగా పనిచేస్తుంది, పప్పు, పెరుగు, గుడ్డు తిన్న వెంటనే వేసుకుంటే సరిగ్గా ఎక్కదు.

మీ నోటుబుక్కులో లేనిది ఒకటుంది, నడక. కష్టపడి ఒళ్లు కదిలించే అలవాటున్నవాళ్లలో ఈ జబ్బు తక్కువగా కనిపిస్తుంది. దాన్నీ కాఫీలాగే కొట్టేయొచ్చు కానీ, జబ్బు మొదటి దశలో ఉన్నవాళ్లని ట్రెడ్‌మిల్ మీద వారానికి మూడు నాలుగు రోజులు బాగా ఆయాసం వచ్చేలా నడిపించి ఆరు నెలలు చూస్తే, కదలికలు దిగజారడం నెమ్మదించిందని 2018లో ప్రచురించిన ప్రయోగంలో తేలింది. పైగా మీ షుగర్, మలబద్ధకం, గురక, టెన్షన్ నాలుగింటికీ పనికొచ్చే మందు ఇదొక్కటే. షుగర్ ఉంది కాబట్టి గట్టిగా మొదలుపెట్టేముందు గుండె ఒకసారి చూపించుకోండి, మొదట అరగంట నడక చాలు. నాన్నగారిని కూడా ఇంట్లో కూర్చోబెట్టకండి, పట్టుకుని అయినా నడిపించండి.

ఇవన్నీ ఒకేసారి పెట్టుకోకండి. ఈ రాత్రికి తమ్ముడికి ఫోన్ చేసి, అమ్మ క్యాప్సూల్ స్ట్రిప్ వెనకవైపు ఫోటో తీసి పంపమనండి, అక్షరాలు కనిపించేలా. అందులో ఏముందో నాకూ రాయండి, ఎదురుచూస్తుంటాను.